కాందిశీకుడు

సంస్కృతంలో 'కాం దిశం' అంటే 'ఏ దిక్కుకు' అని. భయంతో ఎటు పోవాలో తోచక పారిపోయేవాడు కాందిశీకుడు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా విడిచి వచ్చిన తెలుగువాళ్ళకు ఈ పేరు సరిగ్గా అతికింది. 1945లో వచ్చిన జాషువా కావ్యానికీ ఇదే పేరు.

ఊరు విడిచిన ప్రతివాడూ కాందిశీకుడు కాడు. పనికోసం గల్ఫ్‌కు పోయే జగిత్యాల, కోరుట్ల వాళ్ళది వలస. సిరిసిల్ల జిల్లాలో మాత్రం మాట వేరు: ముంపు గ్రామం, నిర్వాసితులు. మిడ్ మానేరు జలాశయం నీళ్ళలో అనుపురం, రుద్రవరం, చీర్లవంచ లాంటి ఊర్లు పోయాయి. జనానికి పునరావాస కాలనీల దిక్కు చూపించారు, నిజమే. కానీ పొలం, పెరడు, బర్లకు మేత పోయాక, సొంత సేద్యగాడు కూడా కూలి వెతుక్కోవాల్సిందే. పరిహారం డబ్బు ఎన్నాళ్ళు ఆగుతుంది? పునరావాసం లెక్కలో ఇంటి జాగతోపాటు బతుకుదెరువునూ రాయాలి.