ఫ్రీ హాలిడే అంటూ ఫోన్ వచ్చిందా? వోచర్ కోసం వెళ్లే ముందు ఇవి తెలుసుకోండి

సంజామల (నంద్యాల జిల్లా): "కంగ్రాట్స్ సార్.. లక్కీ డ్రాలో మీ నంబర్ సెలెక్ట్ అయింది. గోవాలో 3 రోజులు, 2 రాత్రులు ఫ్రీ. మేడమ్‌తో కలిసి ఒక్కసారి వచ్చి వోచర్ తీసుకెళ్తే చాలు." టైమ్‌షేర్ కంపెనీల తరఫున వచ్చే ఫోన్ కాల్స్ చాలావరకు ఇలాగే మొదలవుతాయి. హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఓ మాల్‌లో కొడుకు నింపిన కూపన్‌కు, సంజామలలో తండ్రి ఫోన్ మోగినా ఆశ్చర్యం లేదు. శనగలు అమ్మిన డబ్బు చేతిలో ఉన్న నెలల్లో అయితే 'సరే వస్తాం' అనేయడం ఇంకా తేలిక.

టైమ్‌షేర్ అంటే రిసార్ట్ గదులను ఏడాదికి కొన్ని రోజుల చొప్పున, ఏళ్ల తరబడి వాడుకునేలా చాలామందికి అమ్మడం. ఐరోపాలో 1960ల్లో మొదలైంది. మన దేశంలో స్టెర్లింగ్ 1986లో, క్లబ్ మహీంద్రా 1996లో ఈ రంగంలోకి వచ్చాయి. వ్యాపారం చట్టబద్ధమైనదే. ఏటా ప్లాన్ చేసుకుని వెళ్లొచ్చే కుటుంబాలూ ఉన్నాయి. చిక్కంతా అమ్మే పద్ధతిలోనే.

ఉచితం వెనుక లెక్క ఏంటి?

వోచర్ ఊరికే రాదు. గంటన్నర, రెండు గంటలు ప్రజెంటేషన్‌లో కూర్చోవాలి. భార్యాభర్తలిద్దరూ రావాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. ఒక్కరే వస్తే 'ఇంట్లో అడిగి చెప్తాం' అని లేచిపోతారు. ఇద్దరూ ఎదురుగా ఉంటే ఆ మాటకు చోటుండదు. ముందు ఒక ధర చెప్తారు. వద్దంటే మేనేజర్ వచ్చి తగ్గిస్తాడు. 'ఈ ఆఫర్ ఈ రోజుకే' అంటారు. పక్క టేబుల్ దగ్గర ఎవరో మెంబర్‌షిప్ తీసుకున్నారని చప్పట్లు కొడతారు. కార్డు ఇచ్చేవరకు సంభాషణ ఆగదు. రేపు రాని ధర గురించి ఈ రోజే కంగారు పడాల్సిన అవసరం ఎవరికీ లేదు, కానీ ఆ గదిలో అది గుర్తుండదు.

ఇక వోచర్ సంగతి. చాలా వోచర్లు గది అద్దె వరకే. రైలు, విమానం టికెట్లు, భోజనం మన ఖర్చే. సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల్లో చెల్లదని వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంటే పిల్లలకు బడి లేని రోజుల్లో పనికిరాదన్నమాట. కొన్నిసార్లు రిజిస్ట్రేషన్ ఫీజు, ట్యాక్స్ పేరుతో ముందే కొంత కట్టమంటారు. ఫ్రీ అన్నదానికి డబ్బు అడిగినా, ఫోన్‌లో కార్డు నంబర్ లేదా ఓటీపీ అడిగినా అక్కడితో కాల్ కట్ చేయడమే మంచిది.

మెంబర్‌షిప్ ఖర్చు ఎంత పడుతుంది?

ఉదాహరణకు ఏడాదికి 7 రాత్రుల చొప్పున 25 ఏళ్ల మెంబర్‌షిప్ 3 లక్షలు అనుకుందాం. 18 శాతం జీఎస్టీ కలిపితే 3.54 లక్షలు. చాలామంది మర్చిపోయేది ఏటా కట్టే మెయింటెనెన్స్ ఫీజు. అది 15 వేలు అనుకున్నా, జీఎస్టీతో 17,700. 25 ఏళ్లకు 4,42,500. మొత్తం 7,96,500. 175 రాత్రులకు పంచితే రాత్రికి 4,550 పైనే. అదీ ఫీజు ఒక్క రూపాయి పెరగకుండా, ఒక్క ఏడాదీ మానకుండా వెళ్తేనే. సగం రాత్రులే వాడుకుంటే 9 వేలు దాటుతుంది. తిండి, ప్రయాణం వేరే. వెళ్లకపోయినా ఫీజు కట్టాల్సిందే. కోరుకున్న తేదీకి గది దొరుకుతుందన్న హామీ కాగితంలో ఉందో లేదో చూడాలి, నోటిమాట లెక్కలోకి రాదు.

'వాడుకోకపోతే డబ్బు పెరిగి తిరిగొస్తుంది' అంటే మరింత జాగ్రత్త పడాలి. ముంబైకి చెందిన పాన్‌కార్డ్ క్లబ్స్ హోటల్ గది రాత్రుల పేరుతో సుమారు 51 లక్షల మంది నుంచి 7,035 కోట్లు సేకరించిందని సెబీ తేల్చింది. అది అనుమతి లేని సామూహిక పెట్టుబడి పథకమంటూ డబ్బు వెనక్కివ్వాలని 2016 ఫిబ్రవరిలో ఆదేశించింది.

సంతకం పెట్టేశాక?

ఐరోపా యూనియన్‌లో టైమ్‌షేర్ కొన్నవాళ్లు 14 రోజుల్లో కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు. ఆ గడువులో అడ్వాన్స్ తీసుకోవడమే నిషేధం. మన దగ్గర టైమ్‌షేర్‌కు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కొన్ని కంపెనీలు మాత్రం తమ నిబంధనల్లోనే కొద్ది రోజుల రద్దు గడువు ఇస్తాయి. అందుకే ఇంటికొచ్చిన రోజే అగ్రిమెంట్ మొత్తం చదివి, వద్దనుకుంటే వెంటనే ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులో రద్దు లేఖ పంపాలి. ఫోన్‌లో చెప్తే రుజువు ఉండదు. డబ్బు లోన్ యాప్ ద్వారా ఈఎంఐగా మారి ఉంటే మరో దారి ఉంది. డిజిటల్ రుణాలకు కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఉండాలన్నది ఆర్‌బీఐ నిబంధన. ఆలోగా అసలు, అప్పటివరకు అయిన చార్జీ కట్టి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. గొడవ కంపెనీతోనే కదా అని ఈఎంఐ ఆపేస్తే మాత్రం సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. అప్పు ఇచ్చింది వేరే సంస్థ.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇక్కడ నేరుగా పనికొస్తుంది. ఇస్తామన్న బహుమతిని ఇచ్చే ఉద్దేశం లేకుండానే ప్రకటించడం, ధరలో కలిపేసిన దాన్ని ఉచితమని నమ్మించడం.. రెండూ ఈ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులే. కాబట్టి వోచర్, బ్రోచర్, వాట్సాప్ మెసేజ్‌లు, రసీదు అన్నీ దాచుకోవాలి. 'వివరాలన్నీ అర్థమయ్యాయి, బహుమతి అందింది' అని రాసిన కాగితంపై అది నిజంగా చేతికందే వరకు సంతకం చేయకూడదు.

ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా, ముంబైలో ఉన్నా అక్కడికి తిరగనక్కర్లేదు. ఫిర్యాదుదారు ఉండే ప్రాంతంలోనే కేసు వేసే వీలును ఈ చట్టం ఇచ్చింది. సంజామల వాసులు కర్నూలులోని కమిషన్‌లో విచారించొచ్చు, లేదా ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వివాదం తలెత్తినప్పటి నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి.