స్టీల్ దొరికింది 1913లో, మరి ట్యాంక్ రావడానికి అంత లేటెందుకు?

ఇవాళ్టి టాపిక్ వినగానే బోర్ అనుకోకండి. స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకులు. మీ ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ ఉందా? ఇంట్లో ఎక్కడో ఓ టాబ్లెట్ స్ట్రిప్ ఉందా? ఆ పాలు, ఆ మందు, రెండూ మన దగ్గరికి వచ్చే ముందు ఏదో ఒక స్టేజ్‌లో స్టీల్ ట్యాంకులో ఉండి వచ్చినవే. ఆ ట్యాంక్ సరిగ్గా లేకపోతే మనం సేఫ్ కాదు. అందుకే ఈ కథ.

స్టీల్‌కి ముందు ఏం వాడేవాళ్ళు? మీ అమ్మమ్మనో నానమ్మనో అడగండి, ఇత్తడి గిన్నెలకి కళాయి పెట్టించడం గురించి చెప్తారు. కళాయి అరిగిపోయిన గిన్నెలో పులుసు కాస్తే చిలుము పట్టేది. డెయిరీలకీ, ఫ్యాక్టరీలకీ సేమ్ ప్రాబ్లమ్, సైజే పెద్దది. ఇనుము తుప్పు పడుతుంది. రాగి తగిలితే పాల రుచే పాడవుతుంది. అందుకని రాగి మీద తగరం పూత వేసేవాళ్ళు, లేదా ఇనుప ట్యాంకు లోపల గాజు పూత వేసేవాళ్ళు. పూత పోయిందంటే కథ మళ్ళీ మొదటికే.

ఇప్పుడు 1913కి వెళ్దాం. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్. హ్యారీ బ్రేర్లీ అనే ఆయనకి ఇచ్చిన పని తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా చూడటం. ఆయన ఇనుములో 12.8 శాతం క్రోమియం కలిపి ఓ స్టీల్ పోయించాడు. మైక్రోస్కోప్ కింద చూడాలంటే ముందు శాంపిల్‌ని యాసిడ్‌తో కొంచెం తినిపించాలి. ఈ శాంపిల్ మీద యాసిడ్ పనిచేయట్లేదు! తుపాకీ సంగతి పక్కనపెట్టి, ఇది కత్తులకీ చాకులకీ పనికొస్తుందని ఆయనకి వెలిగింది. అంతకు ఏడాది ముందే, 1912లో, జర్మనీలో క్రుప్ కంపెనీలో స్ట్రాస్, మౌరర్ అనే ఇద్దరు క్రోమియంతో పాటు నికెల్ కూడా కలిపి పేటెంట్‌కి వెళ్ళారు. ట్యాంకులకి అసలు తాత ఆ నికెల్ స్టీలే. ఎందుకంటే దాన్ని సాగదీయొచ్చు, వంచొచ్చు. 1924లో షెఫీల్డ్‌లోనే హ్యాట్‌ఫీల్డ్ 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ రెసిపీ సెట్ చేశాడు. మన ఇంట్లో గిన్నెల వెనక 18/8 అని ఉంటుందే, అదే.

ఇది తుప్పు ఎందుకు పట్టదు? క్రోమియం గాలిలో ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించనంత పల్చటి పొర కడుతుంది. గీత పడితే ఆ పొర తనంతట తానే మళ్ళీ వస్తుంది. కళాయికీ దీనికీ తేడా అదే. ఇది ఎవరో వేసిన పూత కాదు, లోపల్నుంచి వచ్చేది.

మరి స్టీల్ రెడీ, ట్యాంకులు చేసేయొచ్చు కదా? అక్కడే అసలు ట్విస్ట్. సాఫ్ట్‌వేర్ జాబ్ చేసినవాళ్ళకి ఈ డైలాగ్ తెలుసు, "నా సిస్టమ్‌లో బానే రన్ అవుతోంది." రేకుగా ఉన్నప్పుడు స్టీల్ బానే ఉంది. రెండు రేకులు వెల్డ్ చేసి యాసిడ్ పోస్తే, అతుకు పక్కన గీత గీసినట్టు తినేసేది. ఎందుకు? వెల్డింగ్ వేడికి స్టీల్‌లోని కార్బన్ పోయి క్రోమియంతో అతుక్కుంటుంది. ఆ చోట పొర కట్టడానికి క్రోమియం మిగలదు. దీనికి రెండు మందులు దొరికాయి. ఒకటి, టైటానియం లాంటిది కొంచెం కలిపితే కార్బన్ క్రోమియం జోలికి పోకుండా దాంతో జట్టు కడుతుంది. రెండోది, కార్బన్‌నే 0.03 శాతం లోపుకి తగ్గించడం. 304ఎల్, 316ఎల్ అంటారే, ఆ 'ఎల్' అర్థం అదే. 1960ల చివర్లో ఆర్గాన్, ఆక్సిజన్ కలిపి ఊది కార్బన్ తీసేసే పద్ధతి ఫ్యాక్టరీల్లోకి వచ్చాక ఈ రకం చవకైంది.

ఇంకో సమస్య, అతుకు నున్నగా ఉండాలి. గరుకుగా ఉంటే ఆ సందులో పాలు ఇరుక్కుంటాయి, బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. 1941లో అమెరికాలో నార్‌త్రాప్ అనే విమానాల కంపెనీలో రస్సెల్ మెరెడిత్ టంగ్‌స్టన్ ముల్లుతో, చుట్టూ హీలియం గ్యాస్ వదులుతూ వెల్డింగ్ చేసే పద్ధతి తెచ్చాడు. విమానాల కోసం వచ్చింది, తర్వాత పాల ట్యాంకుల్లోకి దూరింది. మన షెడ్లలో ఆర్గాన్ వెల్డింగ్ అనేది దీని వారసుడే.

ఇక ఇండియా. హెన్నింగ్ హోల్క్-లార్సెన్, సోరెన్ టూబ్రో అనే ఇద్దరు డెన్మార్క్ ఇంజనీర్లు 1938లో బొంబాయిలో చిన్న ఆఫీసు పెట్టారు. పని? డెన్మార్క్ డెయిరీ మెషీన్లు ఇక్కడ అమ్మడం. 1939లో యుద్ధం, 1940లో డెన్మార్క్ జర్మనీ చేతికి. సరుకు ఆగిపోయింది. అమ్మడానికి ఏమీ లేదు కాబట్టి ఇక్కడే వర్క్‌షాప్ పెట్టి తయారుచేయడం మొదలెట్టారు. ఇవాళ్టి ఎల్ అండ్ టీ అలా మొదలైంది! ఆ తర్వాత ఆనంద్‌లో కురియన్, దలాయా బర్రె పాలతో పొడి చేసి చూపించారు. 1955 అక్టోబర్ 31న ఆ డెయిరీని నెహ్రూ ప్రారంభించారు.

మన హైదరాబాద్ చాప్టర్ మందులది. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్, సోవియట్ సాయంతో హైదరాబాద్‌లో ప్లాంట్ పెట్టింది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. మందుల కంపెనీలు పెరిగితే రియాక్టర్లు కావాలి. రియాక్టర్ అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ అనుకోండి. చుట్టూ ఇంకో తొడుగు, అందులో ఆవిరి లేదా చల్లనీళ్ళు, లోపల తిప్పే గరిటె. బాలానగర్, జీడిమెట్ల షెడ్లకి ఆ పని వచ్చింది. కానీ స్టీల్ అన్నిటికీ మందు కాదు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆ పొరని చీల్చేస్తుంది. అందుకే మందుల ప్లాంట్లలో స్టీల్ రియాక్టర్ పక్కనే గాజు పూతది ఉంటుంది. పాత గాజు ఇంకా రిటైర్ అవ్వలేదు!

చివరిగా, పుస్తకాల్లో పెద్దగా రాని మనిషి. ట్యాంక్ లోపలికి దూరి అతుకు వేసి, పాలిష్ పట్టేవాడు. ఆర్గాన్‌కి రంగు లేదు, వాసన లేదు, గాలి కంటే బరువు. ట్యాంకు అడుగున చేరి ఆక్సిజన్‌ని తోసేస్తుంది. ఊపిరాడట్లేదని తెలిసేలోపే మనిషి పడిపోతాడు. కాపాడదామని దిగిన రెండోవాడూ పడిపోతాడు. అతుకుని కాపాడే గ్యాసే మనిషి ప్రాణం తీస్తుంది. మీ ఇంట్లో, మీ ఫ్రెండ్స్‌లో ఐటీఐ చేసి ఈ లైన్లోకి వెళ్ళేవాళ్ళుంటే ఈ మాట చెప్పండి. ఆక్సిజన్ మీటర్ 19.5 కంటే తక్కువ చూపిస్తే దిగొద్దు. బ్లోవర్ ఆన్ చేయకుండా దిగొద్దు. మ్యాన్‌హోల్ దగ్గర ఒక మనిషి నిలబడకపోతే అస్సలు దిగొద్దు. సూపర్‌వైజర్ "ఐదు నిమిషాల పనే కదా" అన్నా సరే.

బ్రేర్లీ పేరు గుర్తుండకపోయినా పర్లేదు, ఇది గుర్తుంటే చాలు. మీ ఏరియాలో ఇలాంటి షెడ్లుంటే, అక్కడ ఏం తయారవుతుందో కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.