గొర్రెల కాపరి వ్రాసుకున్న మాట



ఇళ్ళకు ప్రార్థనకు వెళ్ళినప్పుడు సేవకులు తరచుగా వినే మాటలు రెండు ఉన్నాయి. "అయ్యగారూ, నేను పెద్దగా చదువుకోలేదండి, బైబిలు నాకేం అర్థమవుతుంది?" అనేది మొదటిది. "నా బ్రతుకు సరిగా లేదండి, ఆ గ్రంథం ముట్టుకోవడానికి నేను తగను" అనేది రెండవది. రెండూ వినయంగానే వినిపిస్తాయి. కానీ రెండింటి ఫలితం ఒకటే. బైబిలు బీరువాలోనే ఉండిపోతుంది. 'నీవు తగవు' అనే ఈ మాట ఒకప్పుడు ఒక దేశంలో చట్టంగానే వచ్చింది. ఆ చరిత్రను ఈ రోజు జ్ఞాపకం చేసుకుందాం.

ఆ దేశం ఇంగ్లాండు. బిషప్పుల అనుమతి లేకుండా లేఖనాలను ఇంగ్లీషులోకి తర్జుమా చేయకూడదని 1409లో అక్కడి సంఘ పెద్దలు నియమం ప్రకటించారు. వంద సంవత్సరాలు దాటిన తరువాత గ్లాస్టర్‌షైర్ ప్రాంతంలో విలియం టిండేల్ అనే యౌవనస్థుడు ఒక పెద్ద కుటుంబంలో పిల్లలకు చదువు చెబుతూ ఉండేవాడు. ఒకరోజు ఒక పండితునితో వాదన జరిగినప్పుడు, దేవుడు నాకు ఆయుష్షు ఇస్తే నాగలి దున్నే కుర్రవాడు నీకంటే ఎక్కువగా లేఖనాలు ఎరిగేటట్లు చేస్తానని ఆయన చెప్పాడు. 1523లో లండను వెళ్ళి బిషప్పు సహాయం అడిగాడు. దొరకలేదు. స్వదేశం విడిచి జర్మనీకి వెళ్ళి, 1526లో వర్మ్స్ పట్టణంలో ఇంగ్లీషు క్రొత్త నిబంధనను అచ్చు వేయించాడు. రహస్యంగా ఇంగ్లాండుకు చేరిన ఆ ప్రతులను లండను బిషప్పు తగులబెట్టించాడు. చివరికి టిండేల్‌ను 1535లో పట్టుకొని, 1536లో బ్రస్సెల్స్ దగ్గర విల్‌వోర్డ్‌లో గొంతు బిగించి చంపి, దేహాన్ని కాల్చివేశారు.

ఆయన చెరసాలలో నుండి వ్రాసిన ఒక ఉత్తరం ఇప్పటికీ ఉంది. చలికి వెచ్చని టోపీ ఇప్పించమనీ, సాయంకాలం ఒక దీపం ఇప్పించమనీ అడిగాడు. వాటన్నిటికంటె ముఖ్యంగా హెబ్రీ బైబిలు, హెబ్రీ వ్యాకరణం, హెబ్రీ నిఘంటువు కావాలని బ్రతిమాలాడు. గమనించారా? అంతటి పండితుడికి కూడా వ్యాకరణం, నిఘంటువు అవసరమయ్యాయి. సహాయం అవసరం కావడం అయోగ్యత కాదు, ప్రియులారా.

ఆయన మరణం తరువాత కాలం మారింది. ప్రతి ఆలయంలో ఇంగ్లీషు బైబిలు ఉంచాలని 1538లో ఆజ్ఞ వెలువడింది. సామాన్యులు గుమికూడి విన్నారు. అయితే 1543లో ఎనిమిదవ హెన్రీ రాజు కాలంలోనే పార్లమెంటు మరొక చట్టం చేసింది. సామాన్య స్త్రీలు, చేతిపనివారు, పని నేర్చుకునే కుర్రవాళ్ళు, సేవకులు, వ్యవసాయదారులు, కూలీలు బైబిలు చదువకూడదు. గొప్ప ఇంటి స్త్రీలు మాత్రం ఒంటరిగా తమకు తాము చదువుకోవచ్చు!

ఆ రోజులలో గ్లాస్టర్‌షైర్‌లోనే, సెయింట్‌బరీ కొండమీద రాబర్ట్ విలియమ్స్ అనే గొర్రెల కాపరి ఉన్నాడు. 1546లో అతడు పదునాలుగు పెన్నీలు పెట్టి వేరొక పుస్తకం కొనుక్కున్నాడు. దానిలో తన చేతితో ఒక మాట వ్రాసుకున్నాడు. గొర్రెల కాపరులు నిబంధన గ్రంథం చదువకుండా నిషేధించిన కాలంలో దీనిని కొన్నాననీ, ఆ గ్రుడ్డితనాన్ని దేవుడే సరిచేయాలనీ ఆ మాటల సారాంశం. అతని చదువు ఎంతో మనకు అనవసరం. నీవు తగవని రాజు చట్టం చెప్పినా అతడు నమ్మలేదు. గ్రుడ్డితనం తనది కాదు, ఆ చట్టానిది అని గ్రహించాడు. మరుసటి సంవత్సరం, 1547లో, ఆ చట్టం రద్దయింది.

ఈనాడు మన చేతిలో తెలుగు బైబిలు ఉంది. చదువవద్దని మన ఇంటికి వచ్చి చెప్పే రాజు లేడు. కానీ అదే చట్టాన్ని మన హృదయాలలో మనమే వ్రాసుకోవడం లేదా? క్రీస్తు జనన వార్త మొదట అందుకున్నది గొర్రెల కాపరులే కదా (లూకా 2)! పౌలు పత్రికలలో గ్రహించడానికి కష్టమైన సంగతులు ఉన్నాయని పేతురే ఒప్పుకున్నాడు (2 పేతురు 3:16). అపొస్తలునికే కష్టమనిపించిన చోట మనకు కష్టమనిపిస్తే సిగ్గుపడనక్కరలేదు.

బ్రతుకు సరిగా లేదని వెనుకకు తగ్గుతున్నవారు నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం చూడండి. ఎజ్రా ధర్మశాస్త్రం చదివినప్పుడు స్త్రీ పురుషులందరూ విని ఏడ్చారు. ఏడ్చినవారిని ఎవరూ వెళ్ళగొట్టలేదు. లేవీయులు వారికి అర్థం విడమరచి చెప్పారు, దుఃఖపడవద్దని ఓదార్చారు. శుద్ధి అయిన తరువాత వాక్యం దగ్గరకు రావాలనుకుంటే ఎన్నటికీ రాలేము. వాక్యం దగ్గరకు వస్తేనే శుద్ధి మొదలవుతుంది.

కాబట్టి ఈ వారమే మార్కు సువార్త తెరవండి. పదహారు అధ్యాయాలే. రోజుకు పది వచనాలు చాలు. అర్థం కానిచోట పెన్సిలుతో గీత పెట్టి, ఆదివారం మీ కాపరిని అడగండి. చదవడం రానివారు మనుమలతో చదివించుకొని వినండి.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, మేము తగినవారమని కాదు, నీవు పిలిచావని నీ వాక్యం దగ్గరకు వస్తున్నాము. మా కన్నులు తెరువుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.