ఒక్క గోల్‌పోస్టు, ఇద్దరు కీపర్లు

ఈసారి పండగల గురించి కాదు, ఫుట్‌బాల్ గురించి రాస్తున్నాను. అరవై దాటిన ఆడమనిషికి ఫుట్‌బాల్ ఎందుకు అని నవ్వకండి. నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో. అక్కడ ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బళ్ళో ఇంగ్లీషు. ఆట ఒక్కటే అందరిదీ.

ఇప్పుడు అల్ వక్రాలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మనవడికి పన్నెండేళ్ళు, స్కూలు టీములో గోల్‌కీపర్. సెలవుల్లో రెండు వారాలు శిబిరం పెట్టారు. కీపర్లు ఇద్దరు, ఉన్న చోటు ఒక్కటే. చివరి రోజు లిస్టు వచ్చింది. మావాడి పేరు ఉంది, కానీ పక్కన "రిజర్వు" అని ఉంది. వాడు ఏడవలేదు. బూట్లు విప్పకుండా సోఫాలో కూర్చుని, "నానమ్మా, నేనేం తప్పు చేశాను?" అని అడిగాడు.

మా అబ్బాయి అమెరికాలో చదువుకున్నాడు. అక్కడి ఫుట్‌బాల్ వేరు కదా. శిబిరానికి తొంభై మంది వస్తే చివరికి యాభై ముగ్గురు మిగులుతారట. బంతిని కాలితో తన్ని పాయింట్లు తెచ్చే కిక్కర్ మాత్రం మామూలుగా ఒక్కడే. ఇద్దరు కిక్కర్లు పోటీ పడితే రోజూ లెక్క రాస్తారు: ఎన్ని గజాల నుంచి ఎన్ని వేశాడు, ఎన్ని పోగొట్టాడు. అది పరీక్ష మార్కుల్లాంటిది, ఓడినవాడికి కారణం కాగితం మీద కనిపిస్తుంది. మన ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్‌కి అలాంటి కాగితం లేదు. గోల్ ఆపినవాడు కూడా బయట కూర్చోవచ్చు.

మా ఇంటికి దగ్గరలోనే అల్ జనూబ్ స్టేడియం ఉంది. జహా హదీద్ గీసిన నమూనా. ఇక్కడివాళ్ళు పూర్వం ముత్యాల కోసం వెళ్ళిన పడవల తెరచాపల్లా దాని పైకప్పు ఉంటుంది. 2022 ప్రపంచ కప్‌లో అక్కడ జరిగిన సంగతి మావాడికి చెప్పాను. నవంబర్ 24న కామెరూన్, స్విట్జర్లాండ్ ఆడాయి. కామెరూన్ గోల్‌లో ఆంద్రే ఒనానా. అప్పట్లో ఇటలీలో ఇంటర్ మిలాన్‌కి ఆడుతున్న పెద్ద కీపర్. కామెరూన్ 0-1తో ఓడింది. నాలుగు రోజుల తర్వాత, అదే మైదానంలో, సెర్బియాతో ఆట. గోల్‌లో ఒనానా లేడు, డెవిస్ ఎపాసీ ఉన్నాడు. కోచ్ రిగోబెర్ సాంగ్‌కీ ఒనానాకీ పడలేదు. క్రమశిక్షణ కారణం చెప్పి కోచ్ పక్కన పెట్టాడు, ఒనానా ఖతార్ వదిలి వెళ్ళిపోయాడు. ఆ ఆట 3-3. తర్వాత లుసైల్‌లో ఎపాసీ గోల్‌లో ఉండగా కామెరూన్ బ్రెజిల్‌ని 1-0తో ఓడించింది. అయినా తర్వాతి రౌండుకి వెళ్ళలేదు.

కామెరూన్‌కి ఇది కొత్త కాదు. 1990లో ఇటలీలో ప్రపంచ కప్. మొదటి ఆటే మారడోనా ఉన్న అర్జెంటీనాతో. జోసెఫ్ ఆంత్వాన్ బెల్ ఆడాలి. కానీ టీము తయారీ బాగాలేదని అతను పత్రికల్లో మాట్లాడాడు. సరిగ్గా ఆట ముందు అతన్ని తీసేసి తొమాస్ న్‌కోనోని దింపారు. కామెరూన్ 1-0తో గెలిచి, చివరికి క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళింది. అది టీవీలో చూసిన ఇటలీ కుర్రాడు బుఫాన్ పెద్దయ్యాక తానూ గొప్ప గోల్‌కీపర్ అయ్యాడు, కొడుక్కి తొమాస్ అని పేరు పెట్టుకున్నాడు. బెల్ పేరు ఎవరూ పెట్టుకున్నట్టు నేను వినలేదు.

ఇక్కడ ఒక మాట. మనిషిని పదవిలోంచి తీసేస్తే తెలుగు పత్రికల్లో "ఉద్వాసన" అని రాస్తారు. గుడిలో సేవ చేసేదాన్ని కాబట్టి ఆ మాట నాకు ముందు పూజలోనే తెలుసు. పూజ అయ్యాక దేవుణ్ణి, స్వామీ ఇక నీ చోటికి వెళ్ళిరా అని మర్యాదగా పంపడం అది. పత్రికలో మొదటిసారి చదివినప్పుడు తికమక పడ్డాను. పత్రికల ఉద్వాసనలో ఆ మర్యాద కనపడదు.

ఇక అసలు కథ, మా నాన్నగారి కథ. ఆయనది సికింద్రాబాద్. రైల్వే ఉద్యోగం మీద ఖరగ్‌పూర్ వచ్చారు. ఆయనకు ఇద్దరంటే ప్రాణం. ఒకరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాద్‌లో బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీముకి కోచ్‌గా 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిపించారు. భారత జట్టుకి కూడా కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు నాలుగో స్థానంలో నిలిచింది ఆయన చేతుల్లోనే. రెండోవారు పీటర్ తంగరాజ్, గోల్‌కీపర్. 1935లో హైదరాబాద్ రాజ్యంలో పుట్టాడు, సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడాడు, సైన్యంలో చేరాడు. ఆరడుగులు దాటిన మనిషి. ఆయన గోల్ దగ్గర తన్నిన బంతి మైదానం సగం దాటి పడేదని నాన్నగారు చెయ్యెత్తి చూపించేవారు.

తంగరాజ్‌కి కూడా చోటు ఊరికే రాలేదు. 1956లోనూ 1960 రోమ్ ఒలింపిక్స్‌లోనూ జట్టులో ఇంకో కీపర్ ఉన్నాడు, బొంబాయి నుంచి ఎస్.ఎస్. నారాయణ్. రెండు ఒలింపిక్స్‌లకూ ఇద్దరూ కలిసే వెళ్ళారు. గోల్‌పోస్టు మాత్రం ఒకటే. ఆ కాలంలో ఆట మధ్యలో మనిషిని మార్చడం ఇప్పటిలా మామూలు కాదు. ప్రపంచ కప్‌లోనే 1970 దాకా సబ్‌స్టిట్యూట్ లేడు. ఆట ముందు నీ పేరు చదవకపోతే ఆ రోజుకి అంతే.

1962, జకార్తా, ఆసియా క్రీడలు. మొదటి ఆటలో మనవాళ్ళు దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. తర్వాత థాయిలాండ్‌ని 4-1, జపాన్‌ని 2-0తో గెలిచారు. తంగరాజ్‌కి ఫ్లూ పట్టుకుంది. అతని చోట బెంగాల్ కీపర్ ప్రద్యుత్ బర్మన్ నిలబడ్డాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచినప్పుడు గోల్‌లో ఉన్నది బర్మనే. ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియా.

జ్వరంతో నీరసపడ్డ తంగరాజ్‌ని ఆడించాలా, గెలిపిస్తూ వచ్చిన బర్మన్‌ని ఉంచాలా? రహీమ్ సాహెబ్ తంగరాజ్ పేరే చదివారు. బర్మన్ తప్పేమీ చేయలేదు. కొరియావాళ్ళు బంతిని గాలిలోకి ఎత్తి గోల్ ముందు వేస్తారు కాబట్టి పొడుగు చేతులు కావాలని అనుకున్నారని నాన్నగారి లెక్క. నాకూ అదే నిజమనిపిస్తుంది. ఆయన ఆ టోర్నమెంట్‌లో అలాంటి సాహసం ఇంకోటి కూడా చేశారు. థాయిలాండ్ ఆటలో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని తీసుకెళ్ళి ముందు వరసలో ఫార్వర్డ్‌గా పెట్టారు.

సెప్టెంబర్ 4న సెనయాన్ స్టేడియంలో సుమారు లక్ష మంది. ఒక భారతీయ అధికారి, ఇజ్రాయెల్, తైవాన్‌లను పిలవకపోతే వీటిని ఆసియా క్రీడలు అనకూడదన్నందుకు ఇండోనేసియా జనం మన మీద మండిపడుతున్నారు. ఆట పొడుగునా మనవాళ్ళని హేళన చేశారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో పాకిస్తాన్ హాకీ టీము ఉందట! పి.కె. బెనర్జీ ఒక గోల్, ఆ కుట్ల తల జర్నైల్ సింగ్ ఒక గోల్. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ కూడా ఆ పదకొండు మందిలో ఉన్నాడు. చివరి నిమిషాల్లో కొరియా ఒక గోల్ కొట్టింది, ఇంకోటి కొట్టలేకపోయింది. 2-1. బంగారు పతకం. తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్‌లో, రహీమ్ సాహెబ్ క్యాన్సర్‌తో పోయారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి ఇంకో బంగారం రాలేదు.

ఖరగ్‌పూర్‌లో మా పక్కింటి బెంగాలీ కాకాబాబుకీ నాన్నగారికీ ఇదే గొడవ, ఏళ్ళ తరబడి. నాన్నగారు "మా తంగరాజ్ వల్ల గెలిచాం" అనేవారు. కాకాబాబు టీ కప్పు కింద పెట్టి, "ఫైనల్ దాకా తీసుకొచ్చిందెవరు? మా బర్మన్ కాదా? గెలుస్తున్నవాణ్ణి ఎందుకు కూర్చోబెట్టాలి?" అనేవాడు. చిన్నప్పుడు నేను నాన్నగారి పక్షం. ఇప్పుడూ రహీమ్ సాహెబ్ చేసింది ఆటకు సరైనదే అంటాను. కానీ కాకాబాబు కోపంలో న్యాయం ఉంది. తంగరాజ్‌కి 1967లో అర్జున అవార్డు వచ్చింది, రావాల్సిందే. బర్మన్ పేరు మా తెలుగు ఇళ్ళలో ఎవరూ ఎత్తేవారు కాదు.

మనవడు అంతా విని, "ఆయనకి ముందే చెప్పారా, లేక అందరి ముందు చదివారా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. "నీకెలా చెప్పారు?" అన్నాను. "గోడకి కాగితం అంటించారు" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. గుడిలో కూడా మేము సేవకుల డ్యూటీ లిస్టు గోడకే అంటిస్తాం. పోయినసారి ప్రసాదం కౌంటర్ నుంచి ఒకావిడని చెప్పుల స్టాండుకి మార్చింది నేనే, ఆమెతో ఒక్క ముక్క మాట్లాడకుండా. ఆవిడ నంబర్ వెతికి నిన్న రాత్రి ఫోన్ చేశాను. మొదట ఐదు నిమిషాలు పొడిపొడిగా మాట్లాడింది, తర్వాత మోకాళ్ళ నొప్పుల దాకా వచ్చింది.

శుక్రవారం మావాడి టీముకి మ్యాచ్. రిజర్వు అయినా డ్రెస్ వేసుకుని వెళ్ళాలట. ఇప్పుడే గ్లవ్స్ తనే ఉతికి బాల్కనీలో ఆరేశాడు. సముద్రపు గాలికి అవి ఊగుతున్నాయి, క్లిప్పులు సరిపోలేదు, ఇంకో రెండు తేవాలి.