సాంఘిక బహిష్కరణ

ఒక వ్యక్తిని, కుటుంబాన్ని లేదా వాడను ఊరి జీవితం నుంచి మూకుమ్మడిగా దూరం పెట్టడం. వాడుకలో దీన్నే వెలి అంటారు. కులం తప్పిన పెళ్లికి, కులపెద్దల తీర్పు ధిక్కరించినందుకు కులంలోపలే వేసే వెలి ఒకటి. దళితులపై ఊరంతా కట్టుగా సాగించేది మరొకటి. రెండోదే ఎక్కువ క్రూరమైనది, ఎందుకంటే అది కూడు మీద దెబ్బ కొడుతుంది. కూలికి పిలవరు, కౌలు భూమి వెనక్కి తీసుకుంటారు, కిరాణా కొట్లో సరుకు ఇవ్వరు. పలకరించినవారికీ జరిమానా వేస్తారు కాబట్టి, జాలి ఉన్నవాళ్లూ నోరు మెదపరు. పిల్లలకు నిన్నటి స్నేహితులు ఎందుకు మొహం తిప్పుకుంటున్నారో అర్థం కాదు.

అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న జరిగిన దళితుల ఊచకోతకు ముందు నడిచింది ఇలాంటి వెలే. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం వివాదం తరువాత దళితులకు పొలం పనులు ఆగిపోయాయి.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. షెడ్యూల్డ్ కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరంగా స్పష్టంగా పేర్కొంది. అయినా నిరూపించడం కష్టం: పనికి పిలవకపోవడానికి సాక్ష్యం చెప్పాల్సింది ఆ కట్టులో ఉన్న ఊరివాళ్లే.