తుమ్మముల్లు, తాళంకప్ప

1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మిడిల్ స్కూళ్లలో ఒక సైన్సు కార్యక్రమం మొదలైంది. మొదలుపెట్టింది కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్. అక్కడి పిల్లలు పువ్వును విడదీసి చూడ్డానికి సూదుల బదులు తుమ్మముళ్లు వాడారు. సైన్సు చదువుల చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన పరికరం ఇదే. సూది పోతే హెడ్మాస్టరు ఇండెంటు పెట్టాలి. ముల్లు పోతే బయటికెళ్లి ఇంకోటి తెంపుకొస్తే సరి.

తుమ్మకి మన దగ్గరేం కరువు? జనగామ చుట్టూ బీళ్లనిండా సర్కారుతుమ్మే. (సర్కారు పేరుతో అంత ధారాళంగా దొరికేది ఇంకోటి లేదనుకోండి.) ముల్లు ఉంది సరే, పువ్వు దాకా చెయ్యి ఎందుకు పోలేదు?

మొదట భాష అడ్డమొచ్చింది. కొమర్రాజు లక్ష్మణరావు గారి విజ్ఞాన చంద్రికా మండలి 1906లో హైదరాబాదులోనే పుట్టింది, తెలుగులో శాస్త్ర గ్రంథాలు వేసింది. కానీ నిజాం రాజ్యంలో పై చదువు ఉర్దూలో. 1918లో వచ్చిన ఉస్మానియా కోసం భౌతిక, రసాయన శాస్త్రాలు అనువాదమైంది కూడా ఉర్దూలోకే. మానుకోట పిల్లవాడికి సైన్సు కంటే ముందు ఇంకో భాష దాటాల్సిన వాగయింది. అందుకే మన పెద్దల పోరాటమంతా సైన్సుని తెలుగులో *చదవడం* కోసం జరిగింది. అది చిన్న విషయం కాదు. కాకపోతే ఆ ఊపులో సైన్సంటే పుస్తకమే అనే అలవాటు మనలో స్థిరపడిపోయిందని నా అనుమానం.

1964-66 కొఠారీ కమిషన్ పదో తరగతి దాకా సైన్సు అందరికీ తప్పనిసరి అంది. తప్పనిసరి అయింది. ల్యాబు మాత్రం తాళంకప్ప వేసిన అద్దాల బీరువాగా మిగిలింది. నేను చదివిన బడిలో వెర్నియర్ కాలిపర్స్ ఆ అద్దంలోంచే కనిపించేది. రికార్డు బుక్కులో దాని బొమ్మ చక్కగా వేశాం, రీడింగులు ముందు బ్యాచ్ వాళ్ల రికార్డులోవి. దాన్ని మొదటిసారి పట్టుకున్నది ఇంజినీరింగ్ ఫస్టియర్లో. రన్ చేయకుండా ప్రోగ్రాం బట్టీపట్టడం లాంటిదే ఇదీ.

బడి బయట ప్రయత్నాలు లేకపోలేదు. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక తన పిల్లల పత్రికకి 'చెకుముకి' అని పేరు పెట్టుకుంది. రాయి రాయి కొడితే నిప్పు పుట్టాలని కదా. బడి లోపల, 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక తర్వాత వచ్చిన కొత్త పుస్తకాల్లో పేజీపేజీకీ 'కృత్యం' కనిపిస్తుంది. కృత్యం అంటే చేయవలసినది. మనం దాన్ని 'ప్రయోగ విధానం రాయుము' అన్న ప్రశ్నగా మార్చుకున్నాం. గైడులో జవాబు కూడా దొరుకుతుంది.

హోషంగాబాద్ వాళ్లు ఇక్కడే తెలివిగా ఆలోచించారు. కిట్టు ఇచ్చి ఊరుకోలేదు, పరీక్షే మార్చారు. పుస్తకం తెరిచి రాయొచ్చు, ప్రయోగం చేసి చూపించాలి. 1978లో జిల్లా అంతటికీ పాకి, 1982 నుంచి ఏకలవ్య సంస్థ చేతుల్లో నడిచి, చివరికి 2002లో ప్రభుత్వం ఆపేస్తే ఆగిపోయింది. ముప్ఫయ్యేళ్లు.

2016లో పాత వరంగల్ ముక్కలైనప్పుడు ఏర్పడిన మూడు జిల్లాలనే చూడండి. భూపాలపల్లిలో బొగ్గు తవ్వుతారు, పక్కనే చెల్పూరులో దాన్ని కాల్చి కరెంటు తీస్తారు. జనగామ పెంబర్తిలో ఇత్తడి రేకు మీద శిల్పం చెక్కుతారు. దెబ్బలకి గట్టిపడిన రేకు కాలిస్తే మళ్లీ ఎందుకు మెత్తబడుతుందో ఏ లోహాల పాఠమైనా అక్కడ మొదలుపెట్టొచ్చు. అంతకుముందు ఖమ్మంలో ఉన్న బయ్యారం, తన ఇనుపరాయితో సహా, మహబూబాబాద్‌లోకి వచ్చింది. ఆ రాయి ఉక్కు ఫ్యాక్టరీ హామీగా ఎన్నిసార్లు వార్తల్లోకెక్కిందో లెక్కలేదు, తరగతి గదిలోకి మాత్రం రాలేదు. హెమటైట్ పొడి దగ్గర అయస్కాంతం పెడితే పెద్దగా కదలదు. అదే పొడిలో బొగ్గుపొడి కలిపి, మూతపెట్టి, బాగా ఎర్రగా కాల్చి, చల్లారాక మళ్లీ పెడితే అంటుకుంటుంది. దీనికి కావలసినవి ఒక మట్టి మూకుడు, బొగ్గుల పొయ్యి, పాడైన స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం, పక్కన నిలబడే ఒక సారు.