పులస దారి, మన ఆనకట్ట

ప్రత్యేక సంచికకు సర్వీసు జ్ఞాపకాలు ఏవైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం గేజి చదివే ఉద్యోగంలో 1966లో చేరి 2003లో రిటైరైనవాణ్ణి. నీళ్ల లెక్కలు తప్ప నాకు తెలిసింది తక్కువ. అయినా ఆ లెక్కల పుస్తకంలో ఏనాడూ రాయని ఒక సంగతి ఉంది. అది పులస కథ.

పులసను ఎరుగని గోదావరి జిల్లాలవారు ఉండరు. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత. అయితే అది పుట్టుకతో ఏటి చేప అయినా పెరిగేది సముద్రంలో. ఐరోపావారు హెర్రింగ్ అని పిలిచే చేపల కుటుంబానికి చెందినదే ఇది. బెంగాలీల ఇలిష్ కూడా ఇదే. సముద్రంలో ఉన్నంతకాలం మనవాళ్లు దీన్ని విలస అంటారు. జూలైలో గోదావరికి ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. ఉప్పునీరు వదిలి మంచినీటిలో ఈదేకొద్దీ దాని రుచి మారుతుంది. అప్పుడే అది పులస అవుతుంది. సెప్టెంబరు దాటితే ఆ భాగ్యం మళ్లీ ఏడాదికే. గుడ్లు పెట్టిన తల్లి తిరిగి సముద్రానికి పోతుంది. పిల్లలు ఏట్లో కొన్నాళ్లు పెరిగి అవీ కడలి చేరతాయి.

ఈ చేప పేరు శాస్త్ర గ్రంథాలకు ఎక్కినది మన తీరం నుంచే అంటే మనుమలు నమ్మరు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపల బొమ్మలతో 1803లో లండన్‌లో గ్రంథం వేయించాడు. చేపలకు మన జాలర్లు చెప్పిన పేర్లే రాసుకున్నాడు. అందులో ‘పలాసా’ ఒకటి. తరువాత ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యూవియే 1829లో ఆ పేరునే శాస్త్రనామంలో వాడాడు. అయితే గంగానది చేపలను వర్ణించిన హామిల్టన్ 1822లోనే ‘ఇలిషా’ అని పెట్టి ఉండడం చేత చివరకు ఆ పేరే నిలిచింది. ఏడేళ్ల తేడాతో మన తెలుగు మాట ఓడిపోయింది!

ఇక ఆనకట్ట సంగతి. 1833 నాటి నందన కరువు, 1839 ఉప్పెన ఈ సీమను ఏం చేశాయో మన తాతలు చెప్పగా విన్నాం. ఆ దుస్థితి చూసి కాటన్ దొర 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేయించాడు. మనం తింటున్న అన్నం ఆయన పెట్టినదే. ఆ ఋణం తీరేది కాదు. మా నాన్నగారు కాలువ మీద లస్కరుగా పని చేశారు. నేనూ ఆ నీటి జీతమే తిన్నాను. కనుక ఈ మాట తూకం వేసి చెబుతున్నాను. ఆనకట్ట మనకు అన్నం పెట్టింది, పులసకు దారి అడ్డింది. రెండూ నిజమే.

ఇది నా సొంత ఊహ కాదు. మత్స్యశాఖ పరిశీలనకై దేశమంతా తిరిగిన ఫ్రాన్సిస్ డే అనే దొర 1873లో ఇచ్చిన నివేదికలో, ఆనకట్టల వల్ల ఎదురీదే చేపలకు ఆటంకమవుతున్నదనీ, వాటికి దారులు ఉంచాలనీ రాశాడు. పాత ఆనకట్ట మీదుగా పెద్ద వరదల్లో నీరు పొర్లిపోయేది. 1982లో పూర్తయిన కాటన్ బ్యారేజీకి నాలుగు భాగాల్లోనూ కలిపి 175 గేట్లు. గేట్లు దించి ఉన్నన్నాళ్లూ చేపకు అదే ఊరి పొలిమేర. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక అలహాబాదు వైపు ఇలిష్ కరువైపోయిన కథా ఇదే.

మా రేవులో ఒక వృద్ధ జాలరి ఉండేవాడు. పేరు రాయను. నేను గేజి దగ్గరకు వెళ్లినప్పుడల్లా ఏటా ఒకే ప్రశ్న.

“బాబుగారూ, గేట్లు ఎప్పుడెత్తుతారండి?”

“నీళ్లు వస్తే ఎత్తుతారు. నీకెందుకోయ్?” అనేవాణ్ణి.

“నాకు కాదండి, దానికండి” అని ఏటివైపు చూపించేవాడు.

1986 ఆగస్టు వరద మీలో చాలామందికి జ్ఞాపకమే. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మాకు రాత్రీ పగలూ లేదు. గంటగంటకూ మట్టం చదివి పైకి పంపడమే పని. గట్లు తెగి లంకలు మునిగాయి. ఆ జాలరి నావా, వలలూ ఏట్లో పోయాయి. రెండు వారాల తరువాత మా ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో తాటాకు బుట్ట, అందులో పులస.

“అల్లుడి నావమీద వెళ్లానండి. ఈ యేడు మీ గేట్లన్నీ ఎత్తేశారు కదండి. దానికి దారి దొరికిందండి.”

డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. సర్వం పోయినవాడు చేపకు దారి దొరికిందని సంతోషించడం చూసి నాకు నోట మాట రాలేదు. ఇరవై ఏళ్లుగా నీరు ఎన్ని అడుగులో రాశాను గాని, ఆ నీటిలో వెళ్లేదెవరో రాయలేదు గదా అనిపించింది.

ఆ రోజు మా అమ్మ వండిన తీరు చెప్పాలి. పొలుసు తీసి, చేపను నిండుగా ఉన్నప్పుడే శుభ్రంగా కడిగేది. ముక్కలు కోశాక కడిగితే సారం పోతుందనేది. మట్టి దాకలో నువ్వులనూనె, ఉల్లి, కారం, చింతపండు పులుసు, నాలుగు బెండకాయలు. పిడకల సెగమీద నిదానంగా ఉడికించేది. గరిటె పెట్టరాదు. దాక అంచులు పట్టి తిప్పాలి. దించేముందు ఆవకాయ ఊట ఒక గరిటెడు. ఆ పూట తింటే ఒక రుచి, మర్నాడు తింటే మరో రుచి. జనను మాత్రం మా నాన్నగారికి వడ్డించేది. ముళ్లు ఎక్కువ కనుక పిల్లలకు తనే తీసి ముద్ద కలిపేది.

ఇప్పుడు నిజమైన పులస ఒక్కటి వేలల్లో పలుకుతోంది. బయటి నుంచి వచ్చే సముద్రపు విలసను పులస అని అమ్మడమూ జరుగుతోంది. బంగ్లాదేశ్‌లో గుడ్లు పెట్టే అక్టోబరులో 22 రోజులు వేట మాన్పించి, చిన్నవాటిని పట్టకుండా కట్టడి చేస్తున్నారు. మన తీరంలోనూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట నిషేధం ఉంది. కాని పులస ఏరెక్కేది ఆ తరువాతే. సముద్రపు మొగ దగ్గరే పట్టేస్తే పైకి వచ్చేదేమిటి, గుడ్లు పెట్టేదేమిటి?

మిత్రులారా, మనం చేసిన ఉద్యోగాన్ని తక్కువ చేసుకోనక్కర్లేదు. అయితే చిన్న పిల్ల పులసలను కొననని నేను ఒట్టు పెట్టుకున్నాను. మీరూ ఆలోచించండి. మీ ఇళ్లలో పెద్దలు చెప్పిన వేట, వంట సంగతులు ఉంటే మనుమల చేత రాయించి సంచికకు పంపండి. ఆ జాలరి ఇప్పుడు లేడు. అతడి ప్రశ్న మాత్రం వరద వచ్చినప్పుడల్లా నాకు వినబడుతూనే ఉంటుంది.